గాదె లేని యింట ప్రసాదము

శ్రీ గురుబసవలింగాయ నమః



వయస్సు మళ్ళిన పెద్దవారికి కడుపులో క్యాన్సరు వ్యాధి కనబడి, శస్త్రచికిత్స జరిగి, వారు క్షేమముగా ఇల్లు చేరిన పిమ్మట చూడవచ్చిన వారందరును అడుగు ప్రశ్న ఒక్కటే. "ఇంకను ఎన్నేండ్లు బ్రతుకుదురని డాక్టరుగారు చెప్పినారు?" ఈ ప్రశ్న సహజమైనదే. కాని దానికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న మరొకటి కలదు. "ఈ దినము వారెట్లు గడిపినారు? తిన్నది ఇమిడినదా? నిద్ర పట్టినదా? నలుగురిలో కూర్చుండి నాలుగు మాటలు చెప్పగలిగినారా?" ఆయువును ఏండ్లతో కొలువవచ్చును. జీవనమును దినములతోనే కొలువవలెను. ఈ రెండవ ప్రశ్నను గూర్చియే నేడు మనము బసవేశ్వరుని బోధల వెలుగులో కొంత విచారింతము.

దేహమును దేవాలయముగా దర్శించుట బసవధర్మమునకు మూలస్తంభము. ఇష్టలింగమును ధరించిన శరీరము ఏ గుడికిని తీసిపోదు. అట్టి దేవాలయములో ఒక గదిని తొలగింపవలసి వచ్చినదనుకొందము. అంతమాత్రమున లోపలి దైవము తరలిపోవునా? పోదు. అయితే నైవేద్యము వండు తీరు, తెచ్చు త్రోవ, పెట్టు వేళ మార్చుకొనక తప్పదు. శస్త్రచికిత్స జరిగిన పెద్దవారి విషయములో మనము చేయుచున్న పొరపాటు ఇచ్చటనే యున్నది. గది పోయినదని దుఃఖింతుము గాని, నైవేద్యపు తీరును మాత్రము మార్చము.

ఆ గది ఎట్టిదో ముందుగా తెలిసికొనవలెను. జీర్ణాశయము మన యిండ్లలోని గాదె వంటిది. పూట భోజనమునంతయు ఒక్కసారిగా తనలో నిలువ చేసికొనును. ఆమ్లముతో నానబెట్టి, కండరములతో చిలికి, మెత్తని జావగా మార్చి, క్రింది ద్వారము గుండ కొంచెము కొంచెముగా చిన్నప్రేవులోనికి పంపును. వ్యాధి వ్యాపించిన మేరను బట్టి వైద్యులు జీర్ణాశయములో కొంత భాగమునో, మొత్తమునో, చుట్టునున్న గ్రంథులతో సహా తీసివేయుదురు. మొత్తము తీసినప్పుడు అన్నవాహికను నేరుగా చిన్నప్రేవునకు కలిపి కుట్టుదురు. గాదె తీసిన యింట ధాన్యపు బస్తాలు నేరుగా వంటగదిలో వచ్చి పడినట్లు, తిన్నదంతయు నిలువ లేక ఒక్కసారిగా ప్రేవులోనికి దిగిపోవును.

ఇట్లు గాదె లేక మనిషి బ్రతుకగలడా యని ఒకప్పుడు వైద్యులకే సందేహముగా నుండెను. 1881లో వియన్నా నగరములో బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు క్యాన్సరు సోకిన జీర్ణాశయములో కొంత భాగమును తొలగించి విజయము పొందెను. అయినను వ్యాధి వ్యాపించి యుండుటచే ఆ రోగి కొద్ది నెలలు మాత్రమే జీవించినది. 1897లో జ్యూరిక్ నగరములో ష్లాటర్ అను వైద్యుడు ఒక స్త్రీకి జీర్ణాశయమును పూర్తిగా తీసివేసెను. ఆమె ఏడాదికి పైగా జీవించినది. జీర్ణాశయము లేకయు మనిషి బ్రతుకగలడని నాడే తేలినది. ఎట్లు బ్రతుకుచున్నాడను ప్రశ్నకు మాత్రము శస్త్రవైద్యుడొక్కడే సమాధానము చెప్పజాలడు. ఆ సమాధానములో చాల భాగము మన వంటయింటిలోను, మన వసారాలోను, మన మాటలోను ఉన్నది.

ఇక శరణుల చరిత్రలోనికి వత్తము. కల్యాణములో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులు ఉండిరి. కన్నడమున 'ఆయ్ద' అనగా ఏరిన, 'అక్కి' అనగా బియ్యము. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్యగారి కాయకము. ఆ గింజలనే వండి లింగమునకు అర్పించి, జంగములకు పెట్టి, తాము స్వీకరించుట ఆ యింటి వ్రతము. వారికి గాదె లేదు. ఏ నాటి గింజలు ఆ నాటికే. ఒకనాడు మారయ్యగారు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చిరి. మరియొక యిల్లాలైనచో సంతోషించి యుండును. లక్కమ్మ సంతోషింపలేదు. ఆ దినమునకు చాలినంత ఉంచి, మిగిలినది తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను పంపినది.

ఈ కథను మనము ఆశను జయించుటకు దృష్టాంతముగా చెప్పుకొందుము. అది సత్యమే. కాని జీర్ణాశయము లేని పెద్దవారున్న యింట ఈ కథకు మరియొక అర్థము స్ఫురించును. గాదె లేని యింట అవసరమునకు మించినది, ప్రేమతో తెచ్చినదైనను, బరువే యగును.

మన యిండ్లలో ప్రేమను విస్తరిలో కొలుచుట అలవాటు. "మామయ్యా, ఇంకొక్క ముద్ద తినండి, ఎంత చిక్కిపోయినారో!" అని కోడలు బ్రతిమాలును. "చాలమ్మా" అని ఆయన అనును. "నా మాట కోసము" అని ఆమె వడ్డించును. ఆమె మనస్సు నొప్పించుట ఇష్టము లేక ఆయన తినును. అరగంట గడవక మునుపే గుండె దడదడలాడును, చెమటలు పట్టును, కడుపులో మెలిపెట్టును, విరేచనమగును. మరునాటి నుండి ఆయనకు కంచము చూచిననే భయము. ఆమెకేమో, తన వంట సహింపలేదను బాధ. ఇద్దరిలో ఎవరిదిని దోషము కాదు. దీనిని వైద్యులు డంపింగ్ అందురు. ఒక్కసారిగా గుమ్మరించుట యని ఆ మాటకు అర్థము. తిన్న పది నిమిషములు మొదలు అరగంట లోపల వచ్చునది మొదటి రకము. తిన్న ఒకటి నుండి మూడు గంటలకు వచ్చునది రెండవ రకము. తీపి పదార్థములు వేగముగా ప్రేవులోనికి చేరి, రక్తములో చక్కెర ఒక్కమారు పెరిగి, వెంటనే పడిపోవుటచే ఇది కలుగును. చేతులు వణకును, కన్నులు చీకట్లు క్రమ్మును, ఒక్కొక్కప్పుడు మనిషి తూలి పడును. పెద్ద వయస్సులో ఆ పడుట చాల ప్రమాదకరము. తుంటియెముక విరిగిన వృద్ధుడు మరల నడచుట ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

లక్కమ్మ చూపిన కొలతయే దీనికి మొదటి మందు. మూడు పూటల భోజనమును ఆరు పూటలుగా పంచవలెను. ఒక్కొక్క పూట పిడికెడు మాత్రమే. మెల్లగా, బాగుగా నమిలి తినవలెను. జీర్ణాశయము చేయు చిలుకుడు పని ఇక దంతములే చేయవలెను గదా! పండ్లు ఊడినవారికి కట్టుడుపళ్ళు అమర్చుటయో, అన్నమును మెత్తగా మెదిపి పెట్టుటయో అవసరము. అన్నముతోపాటు చెంబెడు నీరు త్రాగరాదు. భోజనమునకు అరగంట ముందో, అరగంట తరువాతనో గుక్కగుక్కగా త్రాగవలెను. పాయసము, షర్బతు, బెల్లము వేసిన పలుచని జావ వంటివి తగ్గించి, ప్రతి పూటను పప్పో, పెరుగో, పనీరో, సోయాతో చేసినదో ఏదైన బలమిచ్చు పదార్థము ఉండునట్లు చూడవలెను. పాలు కొందరికి ఇముడవు. వారికి పెరుగు, మజ్జిగ మేలు. భోజనమైన కొంత సేపటికి చెమట పట్టి వణుకు వచ్చువారి దగ్గర కొద్దిగా చక్కెరయో గ్లూకోజో సిద్ధముగా ఉంచుట, ఆ సంగతి డాక్టరుకు తెలియజేయుట మరువరాదు.

ఒకరికి చెప్పిన నియమము మరొకరికి తప్పక పనిచేయునని తలపరాదు. తినిన వెంటనే దడ వచ్చువానికి కాసేపు మేను వాల్చినచో ఉపశమనము కలుగవచ్చును. పైత్యరసము గొంతులోనికి ఎగదన్ని మంట పుట్టువానికి అదే పని హాని చేయును. అతడు భోజనానంతరము నిటారుగా కూర్చుండి, రాత్రివేళ తలవైపు ఎత్తుగా పెట్టుకొని పండుకొనవలెను. కనుక పెద్దవారి శరీరము చెప్పుదానిని విని, వైద్యునితో సంప్రదించి నడచుకొనవలెను.

ఇచ్చట ఆచారవంతులైన పెద్దలకు ఒక ధర్మసందేహము కలుగును. "లింగపూజ కానిదే నోట నీరైన పోయనివాడను. స్నానము చేసి, పూజ ముగించువరకు పొద్దెక్కును. రోజునకు ఆరుసార్లు తినుమనిన నా నియమమేమి కావలెను? శివరాత్రి ఉపవాసము మాట ఏమి?" ఈ సందేహమును తేలికగా త్రోసివేయరాదు. జీవితమంతయు నిలుపుకొనిన నియమము చివరి దశలో జారిపోవుచున్నదను వేదన, శస్త్రచికిత్స గాయముకంటె లోతైనది.

విచారించి చూడుడు. షట్‌స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. ప్రసాది యనగా తినుట మానినవాడు కాదు. ప్రతి పదార్థమును లింగార్పితము గావించి, ప్రసాదముగా స్వీకరించువాడు. అర్పణము లేని భోజనమునకే మనకు నిషేధము గాని, ఇన్నిసార్లే భుజింపవలెనను లెక్క అందు లేదు. ఉదయము లేచిన వెంటనే గోరువెచ్చని నీటితో ముఖము, కాళ్ళు, చేతులు కడిగికొని, విభూతి ధరించి, ఇష్టలింగమును కరస్థలమున దర్శించి, పిడికెడు ఆహారమును అర్పించి స్వీకరించుటకు ఎంత సేపు పట్టును? విస్తారపూజ శరీరము సహకరించిన వేళ జరుపుకొనవచ్చును. ఆరు పూటలు భుజించువానికి ఆరు అర్పణములు లభించినవి. నియమము తగ్గినదా, పెరిగినదా? ఇక ఉపవాసమందురా, చిక్కి శల్యమగుచున్న దేహాలయమునకు నైవేద్యము మాన్పించుట భక్తి కాజాలదు. జాగరణము, ఉపవాసము చేయదలచిన పెద్దవారు ముందుగా వైద్యుని అడుగవలెను. వలదనినచో ఆ మాటను గురువాక్యముగా మన్నింపవలెను. ఈ మాట గురువులు, మఠాధిపతులు స్వయముగా చెప్పినచో పెద్దల మనస్సు ఎంతయో కుదుటపడును.

శాకాహారులమైన మనము మరువరాని విషయమొకటి కలదు. విటమిన్ బి12 అను పోషకము రక్తమునకును, నరములకును ప్రాణము వంటిది. 1948లో దీనిని వేరుచేసి గుర్తించిరి. ఇది ఆకుకూరలలోను, పప్పులలోను లభింపదు. పాలు, పెరుగులలో కొద్దిగా ఉండును. ఆ కొద్దిదానిని శరీరము గ్రహించుటకు జీర్ణాశయములో ఊరు ఒక పదార్థము తోడ్పడవలెను. జీర్ణాశయమే లేనప్పుడు ఆ తోడ్పాటు ఉండదు. కాలేయములోని పాత నిలువ కొంతకాలము ఆదుకొనును. అందుచేత లోపము వెంటనే బయటపడక, శస్త్రచికిత్స సంగతి ఇంటిల్లిపాది మరచిన తరువాత, ఒకటి రెండేండ్లకో అంతకు మించిన కాలమునకో బయటపడును. అరికాళ్ళు తిమ్మిరి పట్టును. నడక తూలును. ఆయాసము, నీరసము, మతిమరుపు వచ్చును. అప్పుడు మనమేమందుము? "ముసలితనము గదా, మామూలే" అందుము.

బంధువులారా, ఈ ఒక్క మాట ఎందరి నడకను, జ్ఞాపకమును హరించుచున్నదో! నరములకు కలిగిన హాని ఆలస్యమైనచో పూర్తిగా మరలి రాకపోవచ్చును. జీర్ణాశయమును పూర్తిగా తీసివేసిన వారికి బి12 జీవితాంతము అందవలెను. వైద్యులు సాధారణముగా నెలకో, కొన్ని నెలలకో ఒక ఇంజెక్షను వ్రాయుదురు. ఖరీదైనది కాదు, కష్టమైనది కాదు. మరువకుండుటయే కష్టము. ఇంటి పంచాంగములో అమావాస్య, పున్నమలవలె ఆ తేదీని గుర్తుపెట్టవలెను. ఇనుము, కాల్షియము, విటమిన్ డి కూడ కొరవడుట కలదు కనుక రక్తపరీక్షలు క్రమముగా చేయించవలెను. బరువు క్రమముగా తగ్గుచున్నను, మ్రింగుట కష్టమైనను, వాంతులు ఆగకున్నను, మలము నల్లగా పోవుచున్నను జాగు చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ముసలితనమని సరిపెట్టుకొనరాదు.

రోగి బాగోగులను ఎవరిని అడిగి తెలిసికొనవలెను? ఐరోపాలోని క్యాన్సరు పరిశోధకుల సంస్థ యొకటి ఇందుకై ప్రశ్నావళులను సిద్ధపరచినది. క్యాన్సరు రోగులందరికిని 30 ప్రశ్నలు గల పత్రమును 1993లో ప్రకటించిరి. కడుపు క్యాన్సరు వారికి దానితోపాటు మరి 22 ప్రశ్నలు చేర్చిరి. మ్రింగుట, నొప్పి, మంట, రుచి, నోరెండుట, నలుగురిలో భుజించుటకు సంకోచము, వ్యాధి గూర్చిన దిగులు మొదలగువానిని అందు అడుగుదురు. ముఖ్యమైన విషయమేమనగా, వానికి సమాధానము వ్రాయవలసినది డాక్టరు కాదు, కుమారుడు కాదు. రోగియే.

మన యిండ్లలో జరుగుచున్నది దీనికి విరుద్ధము. డాక్టరు "ఎట్లున్నది?" అని అడుగగా కుమారుడు సమాధానమిచ్చును. పెద్దాయన ప్రక్కన మౌనముగా కూర్చుండును. వ్యాధి పేరు కూడ కొందరికి చెప్పరు. దయతోనే దాచుదురు. కాని దాచిన దానిని పెద్దలు గ్రహింపలేరా? గ్రహింతురు. గ్రహించియు, పిల్లలు దాచుచున్నారు గదా యని తామును ఏమియు ఎరుగనట్లు నటింతురు. ఒకే కప్పు క్రింద ఇరువైపుల నటన సాగును. అందరిని కూర్చుండబెట్టి, అందరి మాట విన్న అనుభవమంటపము మనది. మన యింటి పెద్దవాని అనుభవమును వినకుండుట మనకు తగునా? ఎంత చెప్పవలెనో, ఎప్పుడు చెప్పవలెనో వారినే అడిగి తెలిసికొని మెల్లగా చెప్పవలెను. శస్త్రచికిత్సకు ముందుకూడ వారి కోరికను అడుగవలెను. వయస్సు ఒక్కటే శస్త్రచికిత్సకు అడ్డు కాదు. గుండె, ఊపిరితిత్తులు, నడక, ఒంటి బలము ఎట్లున్నవో చూచి వైద్యులు నిర్ణయింతురు. తరువాతి జీవనమెట్లుండునో ముందే తెలిసినవాడు ధైర్యముగా ఎదుర్కొనును. మొదటి నెలలు మిక్కిలి కష్టములనియు, చాలమందికి ఆరు నెలలు మొదలు ఏడాదిలో చాలవరకు కుదురుకొనుననియు, కొన్ని ఇబ్బందులు మాత్రము వెంట ఉండుననియు వారికి చెప్పుట మేలు.

ఇక కాయకము. ఈ మాట కాయమునుండి పుట్టినది. కాయమున్నంత వరకు కాయకము కలదు. ఇంటికి వచ్చిన పెద్దవారిని మంచమునకు అప్పగించి, "మీరు కదలవలదు, మేమున్నాము గదా" అనుట గౌరవమని మనము తలతుము. పెద్ద వయస్సులో పండుకొనిన కొలది కండ కరగును. కండ కరగిన కొలది లేవలేకపోవును. బరువులెత్తుట వైద్యుడు అనుమతించువరకు వలదు. కాని వసారాలో పదడుగులు, తరువాత వాకిటి వరకు, పిమ్మట గుడి వరకు నడక పెంచుకొనవలెను. కుర్చీలోనుండి చేయూత లేక లేచుట రోజునకు పలుమార్లు అభ్యసింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తన వలన ఈ యింట ఒక పని జరుగుచున్నదను తృప్తి కావలెను. దీపమునకు వత్తులు చేయుట, పూలు కట్టుట, కూర గిల్లుట, పాలవాని లెక్క వ్రాయుట, మనుమలచేత పద్యములు అప్పగింపించుకొనుట, ఇవన్నియు కాయకములే. చిన్న పని చిన్నబుచ్చు పని కాదు. గింజలు ఏరిన మారయ్యగారిని శరణులలో తక్కువ చేసినవారు లేరు.

దాసోహమును గూర్చి ఒక మాట. ఆరు పూటల వంట యెవరు చేయుచున్నారు? తరచుగా ఒక్క ఇల్లాలే. పంచాచారములలో భృత్యాచారము కలదు. సేవకుడనై యుందునను వినయమది. ఆ ఆచారము ఆడవారికి మాత్రము విధించినది కాదు. ఉదయపు పూట కుమారుడు, మధ్యాహ్నము కోడలు, సాయంకాలము మనుమడు పంచుకొన్నచో సేవ భారము గాక దాసోహమగును. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకములచే పేదలకు శస్త్రచికిత్స వ్యయములో ఆదరువు లభించినది. కాని ఇల్లు చేరిన తరువాతి పెరుగు, పప్పు, పరీక్షలు, ప్రయాణముల ఖర్చు ఇంటిమీదనే పడును. మన సమాజములు ఆ భాగమును పంచుకొనుట నిజమైన జంగమారాధనము. సామూహిక భోజనములలోను అట్టి పెద్దవారిని ముందుగా, ప్రశాంతముగా కూర్చుండబెట్టి, అడిగినంతయే వడ్డింపుడు. "ఇంతేనా?" అని అడుగకుడు. పెండ్లిపంక్తిలో ఆ ఒక్క మాటకు భయపడి పిలుపులకే రాక ఇంట నిలిచిపోవు వృద్ధులు కలరు.

కొందరికి వ్యాధి మరల తలయెత్తును. అప్పుడు "ఇక చేయునది లేదు" అను మాట అనరాదు. నయము చేయుట ముగిసినను నొప్పి తగ్గించుట ముగియదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వంటి చోట్ల నొప్పి నివారణకు, ఉపశమనమునకు ప్రత్యేక విభాగములు కలవు. నొప్పి భరించుట తపస్సని భ్రమపడి బాధలో పెద్దవారిని విడువరాదు. నొప్పి తగ్గిన మనస్సే లింగమునందు నిలుచును.

శరణులారా! మీ యింట ఇట్టి పెద్దవారున్నచో నేటి సాయంకాలము ఒక చిన్న పని చేయుడు. వారి ప్రక్కన కూర్చుండి, "ఏది ఇముడుచున్నది, ఏది ఇముడుట లేదు? దేనికి భయము? ఏ పని చేయవలెనని యున్నది?" అని అడుగుడు. మధ్యలో మాటలాడక వినుడు. తరువాత చిన్న గిన్నెలో, వారు కోరినంత, వారి చేతులమీదుగా లింగమునకు అర్పింపజేసి పెట్టుడు. లక్కమ్మ యింట గాదె లేదు. అయినను ఆ యింట ఏ దినమును ప్రసాదమునకు లోటు రాలేదు. మన యిండ్లలోను రాకుండుగాక!